నొప్పి అన్నవాడిదే టీ

మా ఆయన్ని అందరూ బీరువా అంటారు. పెళ్ళైన కొత్తలో ఆ పిలుపు వింటే నాకు ఒళ్ళు మండేది. తర్వాత ఒకరోజు కళ్ళారా చూశాను. ఇనప బీరువాని వీపు మీద వేసుకుని, నుదుటికి పట్టీ బిగించి, ఎవరి సాయమూ లేకుండా రెండంతస్తులు దిగొచ్చాడు. దాన్ని దించి చెమట తుడుచుకుని, "ఇంకేం ఉన్నాయి?" అన్నాడు. ఆ రోజు నుంచీ ఆ పిలుపు గురించి నేనేమీ మాట్లాడలేదు.

మాది ఇళ్ళు మార్చే పని. ఎవరైనా ఇల్లు మారుతుంటే సామాన్లు కట్టి, కిందికి దించి, వ్యానుకెక్కించి, కొత్త ఇంట్లో పెట్టి వస్తాం. వ్యాను నడిపేది నేను. మోసేది మా ఆయన, మా మరిది. గాజు సామాన్లూ కప్పులూ కాగితాల్లో చుట్టి అట్టపెట్టెల్లో సర్దేది మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు. ఆవిడ చేతిలో ఇంతవరకూ ఒక్క కప్పు పగల్లేదు. ఆవిడ నోట్లో పడి మాత్రం ఎవరూ క్షేమంగా బయటపడలేదు.

మా పనిలో ఒక రూలుంది. పొద్దున వ్యాను తలుపు తీసిన దగ్గర్నుంచీ సాయంత్రం మూసేదాకా, "నొప్పి" అన్న మాట ముందు ఎవరి నోట వస్తే ఆ రోజు అందరికీ టీలు వాళ్ళే ఇప్పించాలి. "పట్టేసింది" అన్నా, "లాగుతోంది" అన్నా అంతే. "అబ్బా" అంటే సగం తప్పు, రెండు అబ్బాలకి ఒక టీ. తీర్పు చెప్పేది పిన్ని. టీలకి అయ్యేదేముంది లెండి! కానీ కప్పు చేతికిస్తూ "ఈ టీ ఫలానా వాడి నడుం పేరు మీద" అని పిన్ని వీధంతా వినపడేలా అంటుంది చూడండి, ఆ పరువు తక్కువ ఎవరు భరిస్తారు? మా మరిదికి సిగ్గూ లజ్జా లేదు కాబట్టి వాడే ఎక్కువసార్లు ఇప్పించాడు. క్లచ్ తొక్కీ తొక్కీ మోకాలు పట్టేసి నేనూ ఇప్పించాను. మా ఆయన మాత్రం ఒక్కనాడూ ఇప్పించలేదు.

ఆ రూలు పెట్టిన మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఆయనా ఎప్పుడూ ఇప్పించలేదు. ఆయన యాభై నిండకుండానే పోయారు. పని నుంచి ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, అలాగే పోయారు. గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుపోయిందన్నారు. ఆ రోజంతా ఆయనకి ఛాతీలో ఏమైనా అనిపించిందా లేదా అన్నది ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పలేదు మరి.

అందుకే మా ఆయన్ని నేను రక్తపరీక్షకి లాక్కెళ్ళాను. లాక్కెళ్ళడం అంటే నిజంగా లాక్కెళ్ళడమే. సామాన్లు దించడానికి ఒక పార్టీ ఇంటికి పోతున్నామని చెప్పి, వ్యాను తిన్నగా డాక్టరమ్మ గుమ్మం ముందు ఆపాను. దిగనని భీష్మించుకు కూర్చున్నాడు. నేను ఆగకుండా హారన్ కొట్టాను. వీధిలో జనం చూస్తుంటే సిగ్గుపడి దిగాడు. పరీక్షలో కొలెస్ట్రాల్ ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువుంది. డాక్టరమ్మ బావగారి సంగతంతా విని, తిండి మార్చుకోమని చెప్పి, రోజూ వేసుకోమని ఒక బిళ్ళ రాసింది.

"మంచి మందే. కాకపోతే కారణం లేకుండా కండలు నొప్పి పుట్టినా, నీరసంగా ఉన్నా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే నాకు చెప్పాలి. వేరే ఏ మందు వేసుకోవాల్సి వచ్చినా ముందు దీని సంగతి చెప్పాలి. సరేనా?" అంది.

"అలాగేనండి" అన్నాడు మా ఆయన. ఆయన "అలాగేనండి" అన్నాడంటే ఒక్క ముక్కా చెవికెక్కలేదని అర్థం. అది నాకు తెలుసు, పాపం డాక్టరమ్మకి తెలీదు.

బిళ్ళ మాత్రం మానకుండా వేసుకున్నాడు. తర్వాత చేయించిన పరీక్షలో నెంబరు బాగా దిగింది. నేను హాయిగా ఊపిరి పీల్చుకుందామనుకున్నానో లేదో, ఆయనకి దగ్గు పట్టుకుంది. దుమ్ములో పని, దగ్గు మామూలేలే అనుకున్నాం. జ్వరం కూడా వచ్చేసరికి దారిలో ఉన్న ఒక క్లినిక్ దగ్గర ఆయన్ని దింపాను. వ్యాను పెట్టుకోవడానికి చోటు దొరక్క ఆ వీధిలోనే నాలుగు చుట్లు తిరిగాను. నేను లోపలికి వెళ్ళేసరికి ఈయన మందుల కవరు పట్టుకుని బయటికి వస్తున్నాడు.

"అన్నీ చెప్పారా?" అన్నా.

"ఆఁ, అన్నీ చెప్పా" అన్నాడు.

మందు బాగానే పనిచేసింది, దగ్గు తగ్గింది. మనిషి మాత్రం అదోలా అయిపోయాడు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి లేస్తున్నాడు. "ఏమైంది?" అంటే "జ్వరం నీరసం" అంటాడు. "ఎక్కడైనా నొప్పా?" అని నేను అడిగితే, పిన్ని వ్యాను వెనక నుంచి చెవులు రిక్కిస్తుంది. "ఛ ఛ, నొప్పేంటి!" అంటాడు ఈయన. వ్యాను నడుపుతున్నా కళ్ళు రోడ్డు మీద లేవు, అద్దంలో ఆయన మీదే ఉన్నాయి. ఒకసారి ఎర్రలైటు కూడా చూసుకోలేదు.

ఆ వారంలోనే పియానో పని వచ్చింది. సంగీతం నేర్పే టీచరు ఇల్లు మారుతోంది. మలుపు మెట్ల మీదుగా పియానో దించాలి. దించేటప్పుడు పై మనిషి వట్టి దారి చూపిస్తాడు, బరువంతా కింద మనిషి మీదే పడుతుంది. కింద మనిషి ఎప్పుడూ మా ఆయనే. నేను కింద గుమ్మం దగ్గర నిలబడ్డాను. మొదటి మలుపు తిరిగారు. రెండో మలుపులో మా ఆయన మోకాళ్ళు ఒక్కసారి మడతపడ్డాయి. మా మరిది "అన్నయ్యా!" అని కేక పెట్టి పట్టీ లాగి పట్టాడు. పియానో గోడకి ఆనుకుని ఆగింది. మా ఆయన మెట్టు మీద చతికిలబడ్డాడు. ముఖం పాలిపోయింది.

"మెట్టు జారింది" అన్నాడు.

"మెట్టు తన చోట తనుందండీ, జారింది మీరు" అన్నాను.

పిన్ని పైనుంచి తొంగి చూసి, "ఏం అల్లుడూ, టీ చెప్పమంటావా?" అంది నవ్వుతూ. పాపం, ఆవిడకేం తెలుసు?

"మీ అమ్మాయికి చెప్పండి, నాకేం అక్కర్లేదు" అని లేచాడు. పంటి బిగువున ఆ పియానో కిందికి దించాడు. పక్కింటివాళ్ళ కుర్రాళ్ళు కూడా వచ్చి ఒక చెయ్యి వేశారు. వేశారు కాబట్టి సరిపోయింది.

మర్నాడు పొద్దున్న. మా ఇంట్లో బాత్రూం ఫ్లష్ పాడై వారమైంది, బకెట్టుతో నీళ్ళు పోసుకుంటున్నాం. ఆయన వెళ్ళొచ్చాక నేను వెళ్ళాను. నీళ్ళు పోయలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కదా, అక్కణ్ణుంచే మొదలుపెట్టా. "ఏమండీ! ఇంత మనిషి, నీళ్ళు పోయడానికి కూడా బద్ధకమేనా? నేనేమైనా మీకు..." అంటూ బకెట్టు ఎత్తబోయి, కిందికి చూశాను.

చిక్కటి డికాక్షన్ రంగు.

బయటికి వచ్చాను. ఆయన మంచం అంచున కూర్చుని చొక్కా వేసుకుంటున్నాడు. ఒక చెయ్యి తొడిగాడు. రెండోది పైకి లేవడం లేదు.

"నీళ్ళెందుకు పోయలేదు?" అన్నాను. ఈసారి అరవలేదు.

నేల చూస్తూ, "బకెట్టు లేవలేదే" అన్నాడు.

ఆ బకెట్టులో ఉన్నవి సగం నీళ్ళు. ఈయన బీరువాలు మోసిన మనిషి. ఇల్లంతా గిరగిరా తిరిగాను, తాళాలు చేతిలోనే పెట్టుకుని తాళాలు వెతికాను. చివరికి ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక కవర్లో కుమ్మరించి, మరిదికి ఫోన్ చేసి, ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. వ్యాను దాకా మా మరిది దాదాపు మోసుకొచ్చాడు. "ఇంత బరువున్నావేంటన్నయ్యా, బీరువా ఖాళీ చేసి రావాల్సింది" అన్నాడు, ఏడుపు ఆపుకుంటూ.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగాడు. "ఏమైనా మందులు వాడుతున్నారా?"

"లేవండి. మొన్న దగ్గుకి వాడాను, అంతే" అన్నాడు మా ఆయన.

నేను ఆ కవరు ఆయన పొట్ట మీద బోర్లించాను. డాక్టరు కొలెస్ట్రాల్ బిళ్ళ ఒక చేత్తో, దగ్గుకిచ్చిన బిళ్ళ ఇంకో చేత్తో పట్టుకుని, రెండింటినీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపు చూస్తేనే నాకు తెలిసిపోయింది.

"ఈ రెండూ కలిపి వేసుకున్నారా? అక్కడ దీని సంగతి చెప్పలేదా?"

"అడిగారండీ. మందులేం వాడట్లేదని చెప్పాను."

"మరి ఇదేంటి?"

"అది మందెలా అవుతుందండీ?" అన్నాడు మా ఆయన, నిజంగానే అర్థం కాక. "నాకు రోగమేం లేదు కదా. నెంబరు తగ్గడానికి వేసుకుంటున్నా."

ఆయన్ని ఏం చెయ్యాలి చెప్పండి? కొట్టనా? మంచం మీద చెయ్యి కూడా ఎత్తలేని మనిషిని ఎక్కడని కొట్టను?

డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. దగ్గుకిచ్చిన ఆ యాంటీబయాటిక్ ఒంట్లో ఉంటే కొలెస్ట్రాల్ మందు త్వరగా బయటికి పోదట. రోజూ వేసుకున్నదంతా పేరుకుపోయి కండల్ని దెబ్బతీసిందట. చెడిన కండలోంచి రక్తంలోకి వచ్చిన పదార్థం మూత్రపిండాల్లో అడ్డుపడుతోందట, ఆ రంగు అందుకేనట. కొలెస్ట్రాల్ బిళ్ళ అక్కడికక్కడే ఆపించి సెలైన్ ఎక్కించారు.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?" అని అడిగాడు డాక్టరు.

మంచం పక్కన నేనున్నాను, మరిది ఉన్నాడు. అప్పుడే పరుగున వచ్చిన పిన్ని కూడా ఉంది. మా ఆయన పిన్ని వైపు ఒక్క చూపు చూసి, డాక్టరుతో, "నొప్పేం లేదండీ. తొడలు కొంచెం బరువుగా ఉన్నాయి, అంతే" అన్నాడు.

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదలు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇంత కోపం నాకు ఎవరి మీదా ఎప్పుడూ రాలేదు.

మూత్రపిండాలు తేరుకుంటాయో లేదో రెండు మూడు రోజులు చూస్తేగానీ చెప్పలేమన్నారు. ఆ రోజులు నేనెలా గడిపానో నాకే తెలీదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. కాలు కాలిన పిల్లిలా ఆ వరండాలో అటూ ఇటూ తిరిగాను. ప్రతిసారీ మూత్రం సంచీ రంగు చూడటం, నర్సు ముఖం చూడటం, మళ్ళీ సంచీ చూడటం. "అమ్మా, మీరు చూసినంత మాత్రాన రంగు మారదు" అని నర్సు విసుక్కుంది కూడా. కానీ మారింది. మెల్లగా పలచబడి, చివరికి మామూలు రంగుకొచ్చింది. అప్పుడు ఏడ్చాను, ఆ నర్సునే పట్టుకుని.

ఇంటికొచ్చాక మా ఆయన ఇంకోసారి భీష్మించాడు. "ఇక ఆ బిళ్ళ జోలికి పోను." నిజం చెప్పొద్దూ, నాకూ అదే బాగుండుననిపించింది. ఆ డబ్బా చూస్తేనే భయమేసేది. మళ్ళీ బావగారి కుర్చీ గుర్తొచ్చేది. బిళ్ళ వేస్తే ఒక భయం, మానేస్తే ఇంకో భయం.

డాక్టరమ్మ అన్నీ విని, కొత్త పరీక్షలు చూసి చెప్పింది. "రెండు మందులు కలిసి చేసిన పని ఇది. మానేస్తే మీ అన్నగారికి వచ్చిన గుండె ప్రమాదం మీకూ అలాగే ఉంటుంది. కండలు పూర్తిగా మామూలుకి వచ్చాక వేరే రకం, చిన్న మోతాదుతో మొదలుపెడదాం. మధ్యమధ్య రక్తం చూస్తాం. ఎక్కడికెళ్ళినా, పన్ను పీకించుకోడానికి వెళ్ళినా సరే, ఈ మందు పేరు చెప్పాలి. నొప్పి పుడితే ఆ రోజే ఫోన్ చెయ్యాలి, మీ అంతట మీరు మానెయ్యడం కాదు."

"అలాగేనండి" అన్నాడు మా ఆయన.

"ఆ మాట అనకండి!" అని అరిచాను నేను. డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "డాక్టరమ్మా, ఈయన చెప్పడండీ. చచ్చినా చెప్పడు."

ఆవిడ మా ఇద్దర్నీ చూసింది. "రక్తం నేను చూడగలను. నొప్పి ఆయన చెప్తేనే నాకు తెలుస్తుంది. అది చెప్పకపోతే ఏ మందూ క్షేమం కాదు" అంది.

దారిలో వ్యాను పక్కకి ఆపి అనేశాను. "ఆ రూలు తీసేద్దాం."

"అన్న పెట్టింది" అన్నాడు.

"అయితే?"

"అన్న మిగిల్చి పోయింది అదొక్కటే." నేను వ్యాను తీశాను.

కొత్త బిళ్ళ మొదలైంది. ఇక నాకు వేరే పనే లేదు. "తొడలెలా ఉన్నాయి?" "బాగున్నాయి." "బాగున్నాయంటే?" "ఉన్నాయే, రెండూ ఉన్నాయి." ఆయన మెట్లెక్కుతుంటే వెనకాలే ఎక్కేదాన్ని. మంచినీళ్ళ గ్లాసు ఎత్తితే చేతి వైపు చూసేదాన్ని. బాత్రూంలోకి వెళ్తే తలుపు బయటే నిలబడేదాన్ని. ఫ్లష్ బాగుచేయించాను, ఆ చప్పుడు వినిపిస్తే ఇంకో బెంగ, నేను చూడకముందే పోయిందే అని. "నువ్వు నాకు పెళ్ళానివా, పోలీసువా?" అని కేకలేశాడు. "మీరు దొంగైతే నేను పోలీసునే" అన్నాను.

మళ్ళీ పనిలోకి వచ్చిన మొదటి వారం. ఒక అపార్ట్‌మెంటు ముందు వ్యాను పెట్టాం. బరువులు ఎత్తొద్దు, చిన్న పెట్టెలు మాత్రమే మొయ్యాలి, అది ఒప్పందం. నేను వ్యానులో కూర్చోలేక దిగాను, నిలబడలేక ఎక్కాను. అద్దం సరిచేశాను, టైర్లు తన్ని చూశాను. ఆయన ఒక పెట్టెతో దిగాడు, ఇంకో పెట్టెకి పైకెళ్ళాడు. ఈసారి నడక కొంచెం తేడాగా ఉంది. ఉందా? లేక నాకలా అనిపిస్తోందా? అడగనా? అడిగితే "రెండూ ఉన్నాయి" అంటాడు. పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

మళ్ళీ వచ్చినప్పుడు చేతుల్లో ఏమీ లేదు. నా వైపు చూడకుండా వ్యాను దాటి, రోడ్డు దాటి వెళ్ళిపోయాడు. ఎక్కడికి? నేను తలుపు తీసుకుని దిగేలోపు, అవతలి వైపు నుంచి వస్తూ కనిపించాడు. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో టీ కప్పులు. ఒలకకుండా మెల్లగా, ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, ఒక కప్పు నా ముందు బానెట్ మీద పెట్టాడు.

పిన్ని, మరిది కిందికి వచ్చారు. పిన్ని కప్పుల్నీ మా ముఖాల్నీ చూసింది. "ఎవరన్నారు?" అంది మరిదితో.

"నేననలేదు అత్తయ్యా, ఒట్టు" అన్నాడు మరిది.

"ఎవరూ అనలేదు" అన్నాడు మా ఆయన. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నేనే అంటున్నా. నొప్పిగా ఉంది. పొద్దుట్నుంచి. రెండు తొడలూ, వెనక పక్క."

ఎవరూ నవ్వలేదు. పిన్ని కప్పు తీసుకుని, వీధంతా వినపడేలా కాదు, పక్కనున్న మాకు మాత్రం వినపడేలా, "ఈ టీ మా అల్లుడి పేరు మీద" అంది. ఆవిడ నడుం, మోకాలు అని అనకపోవడం అదే మొదలు.

నేనా? నాకు భయంతో గట్టిగా అరవాలనిపించింది, అదే క్షణంలో ఆయన్ని వీధిలోనే వాటేసుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. "ఎక్కండి" అన్నాను. టీ తాగకుండానే వ్యాను తీశాను. బానెట్ మీది కప్పు ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

డాక్టరమ్మకి దారిలోనే ఫోన్ చేయించాను. రక్తం ఇచ్చి వరండాలో కూర్చున్నాం. ఆయన కూర్చున్నాడు, నేను తిరిగాను. "కాసేపు కూర్చోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అన్నాడు. కూర్చున్నాను. మోకాళ్ళు ఊపుతూనే ఉన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపాడు.

"అన్న కూడా ఆ రోజు ఒక్క టీ ఇప్పించి ఉంటే..." అన్నాడు.

ఆ చెయ్యి మీద నా చెయ్యి వేశాను. బరువైన చెయ్యి, మునుపటి బరువు మళ్ళీ వచ్చింది.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చూసి నవ్వింది. కండల పరీక్ష మామూలుగానే ఉందట, మూత్రపిండాలూ బాగున్నాయట. ఇన్నాళ్ళూ కదలకుండా ఉండి మళ్ళీ మెట్లెక్కినవాడికి తొడలు పట్టెయ్యడం సహజమంది. బిళ్ళ అలాగే వేసుకోవచ్చు, నొప్పి పెరిగితే మళ్ళీ రమ్మంది. "చెప్పి మంచి పని చేశారు" అంది ఆయనతో.

మా ఆయన బయటికొచ్చి వ్యాను ఎక్కుతూ, మూతి ముడుచుకున్నాడు. "ఇన్నేళ్ళు కాపాడుకున్న పరువు. ఏమీ లేనిదానికి అనవసరంగా టీలు ఇప్పించా."

తాళం తిప్పబోయిన నా చెయ్యి ఆగిపోయింది. ఆయన ముఖంలోకి చూశాను.

"రేపు కూడా ఇప్పించండి" అన్నాను. "ఎల్లుండి కూడా."